ఆరోగ్య బీమాలో లాభం ఎంత? ఒక వంద రూపాయల లెక్క

ఆరోగ్య బీమా కంపెనీల మీద మనవాళ్ళలో రెండు నమ్మకాలు బలంగా ఉన్నాయి. మొదటిది, "అవి జనాన్ని నిలువునా దోచుకుంటున్నాయి, వాటి లాభాలకు అంతే లేదు." రెండోది, "ఆరోగ్య బీమా అసలు నష్టాల వ్యాపారం, కంపెనీలే మునిగిపోతున్నాయి." క్లెయిము రానివాడు మొదటి మాట అంటాడు. ప్రీమియం పెంచేటప్పుడు కంపెనీ రెండో మాట అంటుంది. వీటిని నేను నమ్మకాలనే అంటాను, ఎందుకంటే రెండు పక్షాలవాళ్ళూ లెక్క చూపించరు. దయ్యాల విషయంలో, వాస్తు విషయంలో "రుజువేది?" అని నిలదీసే మనం డబ్బు దగ్గరకు వచ్చేసరికి ఎందుకు మొహమాటపడాలి?

నేను తేల్చుకున్నది ముందే చెప్పేస్తాను. కంపెనీల ఖాతాల్లో "లాభం" అన్న గడిలో కనిపించే అంకె మనం ఊహించుకునేంత పెద్దది కాదు. అయినా సొంత డబ్బుతో పాలసీ కొనుక్కున్న మామూలు మనిషికి తిరిగి వస్తున్నది తక్కువే. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తెలియాలంటే కొంచెం చరిత్ర చూడాలి.

జాతకమూ, బీమా లెక్కా

జ్యోతిష్కుడు ఒక మనిషిని పట్టుకుని "నీకు ఫలానా ఏడు గండం ఉంది" అంటాడు. బీమా లెక్క ఒక్క మనిషి గురించి ఏమీ చెప్పదు. లక్షమందిని తీసుకుంటే అందులో సుమారు ఎంతమంది ఈ ఏడు ఆసుపత్రి పాలవుతారో చెబుతుంది, వాళ్ళు ఎవరన్నది మాత్రం చెప్పలేదు. ఈ తేడా చిన్నదేమీ కాదు. ఎడ్మండ్ హాలీ 1693లో బ్రెస్లా నగరపు జనన మరణాల లెక్కలు తీసుకుని, ఏ వయసువాళ్ళు ఎంతకాలం బతికే అవకాశం ఉందో పట్టిక వేశాడు. తోకచుక్క మళ్ళీ ఎప్పుడు వస్తుందో లెక్కకట్టి, అది అరిష్టమన్న భయాన్ని దెబ్బతీసిన హాలీయే ఇతను. విధిరాత అనుకున్నదాన్ని అంకెల్లోకి దించడంతోనే బీమా ఒక శాస్త్రం అయింది.

అయితే అంకె వేసేవాడి పక్షపాతం అంకెలోకి కూడా వస్తుంది. 19వ శతాబ్దంలో ఇక్కడ వ్యాపారం చేసిన తెల్లవాళ్ళ జీవిత బీమా కంపెనీలు భారతీయుల దగ్గర అదనపు ప్రీమియం వసూలు చేసేవి. మామూలు రేటుకే భారతీయులకు బీమా ఇవ్వడం 1870లో బాంబే మ్యూచువల్ సంస్థతో మొదలైంది. తరవాత స్వదేశీ ఊపులో చాలా కంపెనీలు పుట్టుకొచ్చాయి. మన మచిలీపట్నంలో పట్టాభి సీతారామయ్యగారు 1925లో పెట్టిన ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ అలాంటిదే. "ఇంత ప్రీమియం ఎందుకు?" అని అడగడం మన దేశంలో కొత్త గొడవేమీ కాదన్నమాట.

ఒకే మనిషి బయటపెట్టిన రెండు కుంభకోణాలు

బీమా లాభం గురించి స్వతంత్ర భారతదేశంలో జరిగిన మొదటి పెద్ద చర్చ ఆరోగ్య బీమా మీద కాదు, జీవిత బీమా మీద. అయినా ఆ పాఠం ఇక్కడా పనికొస్తుంది. 1955 డిసెంబరులో ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో లేచి, రామకృష్ణ దాల్మియా తన చేతిలో ఉన్న భారత్ ఇన్సూరెన్స్ కంపెనీలో పాలసీదారుల సొమ్మును సొంత వ్యాపారాలకు మళ్ళించాడని కాగితాలతో సహా బయటపెట్టాడు. ఆ సొమ్ము 2 కోట్ల రూపాయల పైమాటే. దాల్మియా జైలుకు వెళ్ళాడు. 1956 జనవరి 19న ఆర్డినెన్సు వచ్చింది. స్వదేశీ, విదేశీ కంపెనీలు, ప్రావిడెంట్ సొసైటీలు అన్నీ కలిపి 245 సంస్థల వ్యాపారం ప్రభుత్వం చేతికి వచ్చింది. ఆ ఏడు సెప్టెంబరు 1న జీవిత బీమా సంస్థ పుట్టింది.

కథ ఇక్కడే ఆగిపోతే "ప్రైవేటు దొంగ, ప్రభుత్వం దొర" అని తేల్చేయవచ్చు. కానీ రెండేళ్ళు తిరగకుండానే అదే ఫిరోజ్ గాంధీ మళ్ళీ లేచాడు. ఈసారి నిలదీసింది సొంత పార్టీ ప్రభుత్వాన్ని. జీవిత బీమా సంస్థ హరిదాస్ ముంధ్రా కంపెనీల షేర్లను కోటి ఇరవై లక్షల పైచిలుకు పెట్టి కొంది. జస్టిస్ చాగ్లా బహిరంగ విచారణ జరిపాడు. 1958లో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేయాల్సి వచ్చింది.

ఈ రెండు ఉదంతాల్లోనూ "లాభం" అన్న గడి చూసి ఎవరూ ఏమీ కనిపెట్టలేకపోయేవారు. దాల్మియా తీసుకున్నది లాభం కాదు, పాలసీదారుల నిధి. ముంధ్రాకు పోయింది కూడా అదే. బీమాలో డబ్బు లాభం రూపంలోనే బయటకు పోవాలని ఏమీ లేదు. ఎన్ని దారుల్లో పోతుందో వెతకాలి.

మెడిక్లెయిము నష్టాల రహస్యం

1972 నాటి చట్టంతో 1973 జనవరి 1 నుంచి సాధారణ బీమా కూడా జాతీయమైంది. 107 కంపెనీలను కలిపి నేషనల్, న్యూ ఇండియా, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా అనే నాలుగుగా చేశారు. ఈ నాలుగూ కలిసి 1986లో "మెడిక్లెయిము" తెచ్చాయి. అప్పటికి ఫ్యాక్టరీ కార్మికులకు 1952లో మొదలైన ఇ.ఎస్.ఐ., కేంద్ర ఉద్యోగులకు 1954లో మొదలైన సి.జి.హెచ్.ఎస్. ఉన్నాయి. మిగతా మధ్యతరగతికి డబ్బు కట్టి కొనుక్కునే ఆరోగ్య బీమా నిజానికి మెడిక్లెయిముతోనే అందుబాటులోకి వచ్చింది.

మెడిక్లెయిము ఏళ్ళ తరబడి నష్టాల్లో నడిచిందన్నది నిజం. ఎందుకు నడిచింది? అగ్నిప్రమాద బీమా, ఇంజనీరింగు బీమా రేట్లు అప్పట్లో "టారిఫ్" పేరుతో ముందే ఖరారై ఉండేవి. వాటిలో బాగా మిగిలేది. పెద్ద కంపెనీ ఒకటి తన ఫ్యాక్టరీకి అగ్ని బీమా తీసుకుంటే, దానికి రేటు తగ్గించడానికి వీల్లేదు. కాబట్టి ఆ కంపెనీ ఉద్యోగులందరికీ గ్రూపు మెడిక్లెయిము కారుచవకగా ఇచ్చేవారు. కూరలు కొంటే కొసరుగా కొత్తిమీర వేసినట్టు! ఆ కొసరు నష్టం మెడిక్లెయిము ఖాతాలో పడేది, అసలు లాభం అగ్ని బీమా ఖాతాలో కనిపించేది. అంటే "ఆరోగ్య బీమా నష్టాల వ్యాపారం" అన్న మాటలో సగం రోగాల వల్ల వచ్చింది కాదు, ఖాతా రాసే పద్ధతి వల్ల వచ్చింది.

1999 చట్టంతో నియంత్రణ సంస్థ ఐ.ఆర్.డి.ఎ. ఏర్పడింది. 2000 నుంచి ప్రైవేటు కంపెనీలు వచ్చాయి. 2007 జనవరి 1న టారిఫులు ఎత్తేశారు. పోటీలో అగ్ని బీమా రేట్లు ఒక్కసారిగా పడిపోయాయి. కొసరు వేయడానికి అసలే మిగలకుండా పోయింది. అప్పుడు నాలుగు ప్రభుత్వ కంపెనీలూ ఏం చేశాయి? బేరమాడే శక్తి ఉన్న పెద్ద సంస్థలను ముట్టుకోవడం కష్టం. బేరమాడలేని వృద్ధుల ప్రీమియాలు మాత్రం బాగా పెరిగాయి. ఏళ్ళ తరబడి క్లెయిము లేకుండా కట్టినవాళ్ళకు కూడా ముసలితనంలో రెన్యువల్ కష్టమైంది. గొడవ అయితే నియంత్రణ సంస్థ కమిటీ వేసింది.

కోర్టుకు వెళ్ళిన పాలసీదారుడికి రెన్యువల్ నిరాకరించడం అన్యాయమని సుప్రీంకోర్టు 2001లోనే బిమన్ కృష్ణ బోస్ కేసులో చెప్పింది. అది ప్రభుత్వ కంపెనీ మీద వచ్చిన తీర్పే. 2011లో పాలసీని ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి మార్చుకునే హక్కు, 2013 నిబంధనలతో జీవితాంతం రెన్యువల్ హక్కు వచ్చాయి. ఇవేవీ మార్కెట్టు దానంతట అది ఇచ్చినవి కావు. జనం అడిగితే, కోర్టులు గట్టిగా చెబితే, నియంత్రణ సంస్థ రాసినవి.

ఆసుపత్రి వాటా

కంపెనీల వైపు వాదన కూడా వినాలి కదా. 2010 జులైలో నాలుగు ప్రభుత్వ కంపెనీలూ ఢిల్లీ, ముంబై, చెన్నై, బెంగుళూరుల్లో చాలా పెద్ద ఆసుపత్రులకు నగదు రహిత సౌకర్యం ఆపేశాయి. బీమా ఉన్న రోగికి, లేని రోగికి ఒకే ఆపరేషనుకు వేరువేరు బిల్లులు వేస్తున్నారన్నది వాళ్ళ ఫిర్యాదు. చివరికి ముందుగా ఒప్పుకున్న ప్యాకేజీ రేట్లకు వచ్చిన ఆసుపత్రులతో ఒక జాబితా తయారైంది. రోగి కౌంటరు దగ్గరకు వెళ్ళగానే "ఇన్సూరెన్స్ ఉందా?" అని ఎందుకు అడుగుతారో పాఠకులకు నేను వేరే చెప్పనక్కరలేదు.

ఆర్థికవేత్త కెన్నెత్ ఆరో 1963లోనే వైద్యం మామూలు సరుకులాంటిది కాదని రాశాడు. ఏం కావాలో రోగికి తెలియదు, చెప్పేవాడే అమ్మేవాడు, కట్టేవాడు ఇంకొకడు. ముగ్గురిలో ఎవరికీ ఖర్చు తగ్గించాలన్న తొందర ఉండదు. కాబట్టి ప్రీమియం పెరిగిందంటే అదంతా బీమా కంపెనీ జేబులోకే పోయిందనుకోవడం తప్పు. అందులో ఆసుపత్రి వాటా పెద్దది.

వంద రూపాయలు ఎక్కడికి పోతాయి?

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. వసూలైన ప్రీమియంలో క్లెయిములకు ఎంత పోయిందో చెప్పే శాతాన్ని నియంత్రణ సంస్థ ఏటా ప్రచురిస్తుంది. కరోనా దెబ్బకు 2021-22లో ఆరోగ్య బీమా మొత్తం మీద ఈ శాతం సుమారు 109కి పోయింది. అంటే వంద వసూలు చేసి 109 చెల్లించారు. 2023-24లో అది సుమారు 88. పైకి చూస్తే బాగానే ఉంది కదా? కానీ ఈ 88 ఒక సగటు. విడదీస్తే ప్రభుత్వ కంపెనీలది నూరు దాటింది, ఆరోగ్య బీమా మాత్రమే అమ్మే ప్రత్యేక కంపెనీలది 65 దగ్గర ఆగింది.

ఒక్క ఉదాహరణ తీసుకుందాం. ఈ ప్రత్యేక కంపెనీల్లో మొదటిది, 2006లో మొదలైన స్టార్ హెల్త్. 2023-24లో దాని ప్రీమియం సుమారు 15,254 కోట్లు. క్లెయిములకు పోయింది వందకు 66 నుంచి 67. కమీషన్లకు, జీతాలకు, ప్రకటనలకు, ఆఫీసులకు సుమారు 30. పెట్టుబడుల మీద వచ్చిన ఆదాయం కూడా కలుపుకుని, పన్ను పోను మిగిలిన లాభం 845 కోట్లు. ప్రీమియంతో పోలిస్తే వందకు అయిదున్నర. అదే కంపెనీ కరోనా ఏడు 2021-22లో వెయ్యి కోట్లకు పైగా నష్టపోయింది.

వందకు అయిదున్నర లాభం దోపిడీయా? మా ఊరి కిరాణా కొట్టువాడు అంతకన్నా ఎక్కువే వేసుకుంటాడు. కానీ వందలో 34 రూపాయలు వైద్యానికి వెళ్ళలేదు. ఆ 34లో పెద్ద ముక్క లాభం కాదు, ఖర్చు. ప్రత్యేక ఆరోగ్య బీమా కంపెనీలు ప్రీమియంలో 35 శాతం దాకా, మిగతా సాధారణ బీమా కంపెనీలు 30 శాతం దాకా నిర్వహణకు ఖర్చు పెట్టుకోవచ్చని 2023 నిబంధనలే అనుమతించాయి. లాభం మీద కళ్ళు పెట్టుకుని కూర్చుంటే ఈ ముక్క మనకు కనపడదు.

ఇక్కడ రెండు అభ్యంతరాలు న్యాయంగానే వస్తాయి. మొదటిది, వేగంగా పెరిగే కంపెనీలో కొత్త పాలసీదారులు ఎక్కువ. వాళ్ళలో వయసులో ఉన్నవాళ్ళు ఎక్కువ, పాత జబ్బులకు నిరీక్షణ కాలం ఉంటుంది. కాబట్టి మొదటి ఏళ్ళలో క్లెయిములు సహజంగానే తక్కువ. ఇది ఒప్పుకోవాల్సిందే. అయితే ఆ కుర్రవాళ్ళు ముసలివాళ్ళయ్యాక ప్రీమియం అంతకంతకు పెరుగుతుంటే, మొదట్లో మిగిలింది ఎవరికి మిగిలినట్టు? 2025 జనవరిలో వృద్ధుల ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతం మించి పెంచాలంటే ముందుగా తమను సంప్రదించాలని నియంత్రణ సంస్థ ఆదేశించాల్సి వచ్చిందంటే సమస్య ఊహ కాదన్నమాటే.

రెండోది, నూరు దాటిన ప్రభుత్వ కంపెనీలు పుణ్యాత్ములా? కాదు. ఆ నష్టంలో చాలావరకు పెద్ద సంస్థలకు చవకగా అమ్మిన గ్రూపు పాలసీలది. 2019-20 నుంచి 2021-22 వరకు కేంద్రం మూడు ప్రభుత్వ కంపెనీలకు 17,450 కోట్ల మూలధనం పోసింది. అంటే పాలసీ కొనలేని కూలివాడు కట్టిన పరోక్ష పన్ను కూడా పెద్ద కంపెనీల ఉద్యోగుల వైద్యానికి కొంత సాయపడినట్టే. గ్రూపులో తిరిగి వచ్చే శాతం ఎక్కువ, విడిగా కొనుక్కున్నవాడికి తక్కువ. 1986 నాటి కొసరు బేరం రూపం మార్చుకుని ఇంకా నడుస్తోంది.

ప్రకటనల్లో చెప్పే అంకె

"మా క్లెయిముల పరిష్కారం 98 శాతం" అన్న ప్రకటనలు చూస్తుంటాం. అది ఎన్ని క్లెయిములు అన్న లెక్కే గాని, ఎంత డబ్బు అన్న లెక్క కాదు. అయిదు లక్షల బిల్లుకు రెండు లక్షలిచ్చినా ఒక క్లెయిము "పరిష్కారం" అయినట్టే. దేశం మొత్తం మీద 2023-24లో కంపెనీలు 2.69 కోట్ల ఆరోగ్య క్లెయిములకు 83 వేల కోట్లకు పైగా చెల్లించాయి. సంఖ్యలో చూస్తే వచ్చిన క్లెయిముల్లో సుమారు 83 శాతం తీరాయి. డబ్బులో చూస్తే అడిగినదాంట్లో సుమారు 71 శాతమే వచ్చింది. అడిగినదంతా న్యాయమైనదని నేను అనను, దొంగ బిల్లులూ ఉంటాయి. కానీ బాబాల మహిమల్లో ఫలించినవే లెక్కపెట్టి, ఫలించనివి వదిలేస్తారని విమర్శించే మనం ఈ ప్రకటనను కూడా అదే కంటితో చూడాలి.

ప్రభుత్వం తనకు రాసుకున్న షరతు

మన రాష్ట్రాల అనుభవం ఇక్కడ చాలా విలువైనది. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో బీమా కంపెనీ ద్వారా మొదలైంది. ప్రీమియం ప్రభుత్వం కట్టేది. 2008లో రెండో దశ వచ్చేసరికి కొత్తగా చేర్చిన చికిత్సలకు ట్రస్టే నేరుగా ఆసుపత్రులకు చెల్లించడం మొదలుపెట్టింది. తరవాత పథకమంతా ట్రస్టు చేతికి వచ్చింది. మధ్యలో కంపెనీ లేకపోతే కమీషను, లాభం మిగులుతాయి, నిజమే. కానీ ట్రస్టు బకాయిలు పేరుకుపోయి ఆసుపత్రులు సేవలు ఆపేసిన సందర్భాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చూశాం. లాభం తీసేసినంత మాత్రాన డబ్బు సమయానికి రోగి దగ్గరకు చేరుతుందన్న హామీ లేదు. 2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం బీమా కంపెనీని మళ్ళీ కలుపుకునే మిశ్రమ పద్ధతికి ఆమోదం తెలిపింది. కాబట్టి ఈ చర్చ పాతబడలేదు.

2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ పథకంలో ఒక షరతు ఉంది. బీమా పద్ధతిలో నడిపే రాష్ట్రాల్లో, క్లెయిములు చెల్లించి, అనుమతించిన నిర్వహణ ఖర్చు తీసుకున్నాక ప్రీమియం ఇంకా మిగిలితే కంపెనీ దాన్ని ప్రభుత్వానికి వెనక్కి ఇవ్వాలి. చాలా మంచి షరతు. తను కొనుగోలుదారు అయినప్పుడు ప్రభుత్వానికి లెక్క బాగా తెలుసన్నమాట. మరి సొంత జీతంలోంచి కట్టే గుమాస్తాకు, పింఛను డబ్బుతో కట్టే టీచరుకు ఇదే షరతు ఎందుకు లేదు?

ఇదేమీ అసాధ్యమైన కోరిక కాదు. అమెరికాలో 2010 చట్టం ప్రకారం విడి పాలసీల్లో, చిన్న గ్రూపుల్లో 80 శాతం, పెద్ద గ్రూపుల్లో 85 శాతం వైద్యానికి, వైద్య నాణ్యతకు ఖర్చుపెట్టాలి. తగ్గితే తేడా కట్టినవాళ్ళకు తిరిగి ఇవ్వాలి. 2011 నుంచి అది అమల్లో ఉంది. దానికీ లోపం ఉంది. మిగుల్చుకునేది శాతంలో ఉంటే, మొత్తం బిల్లు పెరిగిన కొద్దీ ఆ మిగులూ పెరుగుతుంది. అందుకని ఆసుపత్రి రేట్ల మీద నియంత్రణ లేకుండా ఈ ఒక్క మందు పనిచేయదు. అయినా లెక్క చెప్పించడం అన్న మొదటి మెట్టు అక్కడ ఎక్కారు, మనం ఎక్కలేదు.

2025 సెప్టెంబరు 22 నుంచి విడిగా కొనే ఆరోగ్య పాలసీల మీద ఉన్న 18 శాతం జి.ఎస్.టి. ఎత్తేశారు. మంచిదే. పన్ను తగ్గించడం ప్రభుత్వానికి సులువు, మిగతా వందలో ఎంత తిరిగి వస్తుందో అడగడం కష్టం. ఆ కష్టమైన పని మనలాంటి సంఘాలు చేయాలి. పాలసీ కాగితం మొదటి పేజీలోనే, ఆ పాలసీ మీద నిరుడు వసూలైంది ఎంత, క్లెయిములకు చెల్లించింది ఎంత, ఏజెంటు కమీషను ఎంత అన్న మూడు అంకెలూ తెలుగులో అచ్చు వేయాలని నియంత్రణ సంస్థకు ఉత్తరాలు రాద్దాం. దాని ప్రధాన కార్యాలయం ఎక్కడో లేదు, మన హైదరాబాదులోనే ఉంది. పాలసీ ఉన్న మిత్రులు ఈలోగా ఏజెంటును "మీ కంపెనీకి లాభం ఎంత?" అని అడగవద్దు. "నేను కట్టే వందలో ఎంత వైద్యానికి వెళుతుంది?" అని అడగండి. జవాబు చెప్పలేకపోతే, కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెప్పించమనండి.